ఎమ్మిగనూరు – ఆదోని దారులలో ఛాయాచిత్ర యాత్ర

పల్లెదారుల వెంట మోటారుబండి నడుపుకొనుచు, నచ్చిన తావున నిలిపి ఛాయాచిత్రములు తీయుట ఇంగ్లండు దేశీయులకు మిక్కిలి ప్రీతి. పచ్చిక బయళ్లు, పొదకంచెలు, పలుచని మంచుతెరలు వారి కెమెరాలకు విందు. కర్నూలు జిల్లా పడమటి సీమలో అట్టి పచ్చదనము లేదు. అయినను ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతము చూడనేర్చినవానికి అంతకు తీసిపోదు.

ఛాయాచిత్రమునకు ముడిసరకు వెలుతురు. ఇంగ్లండులో సూర్యుడు ఆకాశమున మిక్కిలి ఎత్తునకు ఎక్కడు గనుక ఏటవాలు వెలుగు చాలసేపు నిలుచును. ఎమ్మిగనూరు సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశమున కలదు. మే ఆరంభమునను, ఆగస్టు మొదటి పక్షమునను ఇచ్చట మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తిపై నుండును. నీడలు కాళ్లక్రింద ముడుచుకొనిపోవును. కొండలు అట్టముక్కలవలె బల్లపరుపుగా కానవచ్చును. కావున ప్రొద్దు పొడిచిన తరువాతి గంటయు, క్రుంకుటకు ముందరి గంటయు యాత్రికునకు విలువైనవి. వానకాలమున మరియొక జాగ్రత్త అవసరము. నల్లరేగడిలోనికి బండి దిగినచో చక్రములు కూరుకొనిపోవును. ఎద్దులు వచ్చి లాగిననే గాని అది బయటపడదు!

ఎమ్మిగనూరు నేతకు పేరుపడిన ఊరు. 1938లో మాచాని సోమప్ప ఇచ్చట చేనేత సహకార సంఘమును నెలకొల్పెను. మునుపటికంటె మగ్గముల సంఖ్య తగ్గినది. మగ్గము ముందు కూర్చున్నవారిని చిత్రించుటకు ముందు వారి అనుమతి కోరవలెను. అడిగిన తరువాత తీసిన చిత్రములో ముఖము వేరుగా నుండును.

అచ్చటి నుండి ఆదోనికి సుమారు 30 కిలోమీటర్లు. కొండలపై ఒకదానిమీద ఒకటి నిలిచిన పెద్ద గుండ్లను చూచి, ఎవరు పేర్చిరోయని క్రొత్తవారు ఆశ్చర్యపడుదురు. అవి ఎవరును పేర్చినవి కావు. సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున గట్టిపడిన గ్రానైటు రాతికి నిలువునను అడ్డముగను చీలికలు ఏర్పడెను. వానిలోనికి దిగిన నీరు మూలలను మెత్తబరచెను. మెత్తనిభాగము మన్నై కొట్టుకొనిపోగా గుండ్రని నడిమిభాగములు మిగిలినవి.

ఆదోని దుర్గములోని బారాకిల్లా, తాలిబండ శిఖరములు మైదానమునుండి సుమారు 800 అడుగుల ఎత్తున నున్నవి. క్రింద, 17వ శతాబ్దమున సిద్ది మసూద్ ఖాను కట్టించిన జామా మసీదు కలదు. మొగలు సేనలు ముట్టడించి మసీదుపై ఫిరంగులు గురిపెట్టగా, అది కూలుట చూడలేక అతడు కోటను వదలుకొనెనని చెప్పుదురు.

ఇట్టి చిత్రములకు కాలము గడచినకొలది విలువ పెరుగును. పొరుగుననున్న హంపీ శిథిలములను 1856లో గ్రీన్‌లా అను సైనికాధికారి మైనపు కాగితపు నెగెటివులపై చిత్రించెను. 1983లో జాన్ గోలింగ్స్ అను ఆస్ట్రేలియా ఛాయాచిత్రకారుడు ఆ చోటులనే నిలిచి మరల చిత్రింపగా, ఏది కూలినదో, ఏది నిలిచినదో తేటపడెను. ఈ సీమలోను గుండ్లను పగులగొట్టి కంకర చేయుచున్నారు. పోయిన కొండ తిరిగి రాదు. తేదీయు, నిలిచిన చోటును వ్రాసియుంచిన చిత్రము మాత్రమే దాని రూపమును చెప్పగలదు.

ఆదోనికి ఆగ్నేయమున పత్తికొండ కలదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న కలరా సోకి ఇచ్చటనే మరణించెను. అచ్చటి నుండి గుత్తికి పోవు దారిలో ఎఱ్ఱగుడి వద్ద అశోకుని శాసనములు గుండ్లపై చెక్కబడియున్నవి. బ్రాహ్మీ లిపిలోనున్న వానిలో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికి, మరికొన్ని కుడినుండి ఎడమకు, ఎద్దులు దున్ను చాళ్లవలె సాగును. వెలుగు ప్రక్కనుండి పడినపుడు అక్షరముల గాట్లలో నీడ నిలిచి అవి ఒక్కొక్కటిగా తేలును. ఎండ ఎదురుగ పడగానే మరల రాతిలో కలిసిపోవును.