శరీర నిర్మాణ, శరీర ధర్మ శాస్త్ర అధ్యాపకులు: వృత్తిపరమైన అభివృద్ధి

లక్ష్యాలు
ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• అధ్యాపకుడు తన విషయ పరిజ్ఞానాన్ని ఎందుకు సరిచూసుకుంటూ ఉండాలో వివరించగలుగుతారు.
• విషయ పరిజ్ఞానానికి, బోధనా పరిజ్ఞానానికి గల తేడాను గుర్తించగలుగుతారు.
• మన రాష్ట్రంలో అధ్యాపకులకు ఉన్న శిక్షణ అవకాశాలను పేర్కొనగలుగుతారు.

1. ప్రస్తావన
మీలో కొందరు ముందుముందు అధ్యాపక వృత్తిని ఎంచుకుంటారు. తుక్కుగూడలోని ఒక డిగ్రీ కళాశాలలో మీకు శరీర ధర్మ శాస్త్రం బోధించే ఉద్యోగం వచ్చిందనుకుందాం. మీ దగ్గర ఉన్నవి పదేళ్ళ కిందట మీరు విద్యార్థిగా రాసుకున్న నోట్సు. అవే చదివి పాఠం చెబితే సరిపోతుందా? సరిపోదు. ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం.

2. మారుతున్న విషయం
కండరం సంకోచించడానికి శక్తి ఎక్కడినుంచి వస్తుంది? 1920ల ఆరంభంలో దీనికి లాక్టిక్ ఆమ్లం ఏర్పడటమే కారణమని శాస్త్రజ్ఞులు భావించేవారు. కండరాలపై పరిశోధనలకు ఎ.వి. హిల్, ఓటో మేయర్‌హాఫ్‌లకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా లభించింది. అయితే 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తున్న మన భీమవరం బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. 1930లో లుండ్స్‌గార్డ్ అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు, లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండా ఆపినా కండరం కొంతసేపు సంకోచించగలదని చూపాడు. దానితో పాత సిద్ధాంతం నిలవలేదు. ఆ తరవాత కూడా పాత నోట్సునే చదివి వినిపించిన అధ్యాపకుడు ఎంత శ్రద్ధగా చెప్పినా తప్పే చెప్పినట్లు.

ఇది పాత కథ మాత్రమే కాదు. కబడ్డీ ఆడిన మర్నాడు కాళ్ళు నొప్పి పుడితే ‘లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయింది’ అని నేటికీ తరగతుల్లో చెబుతున్నారు. వ్యాయామం తరవాత రక్తంలో పెరిగిన లాక్టేట్ దాదాపు గంటలోనే మామూలు స్థాయికి వస్తుంది. మర్నాటి నొప్పికి కారణం కండర తంతువుల్లో కలిగిన సూక్ష్మమైన దెబ్బలు, వాటివల్ల వచ్చే వాపు. ఇదే విద్యార్థి రేపు ఫిజియోథెరపిస్టుగానో, నర్సుగానో పనిచేస్తే తరగతిలో విన్న తప్పునే రోగికి చెబుతాడు. అధ్యాపకుడి తప్పు అతనితోనే ఆగిపోదు.

3. విషయం తెలియడం, బోధించడం
విషయం తెలిసినంత మాత్రాన బోధన వచ్చినట్లు కాదు. విద్యార్థి ఎక్కడ పొరబడతాడో ముందుగా తెలిసి ఉండటం బోధనా పరిజ్ఞానంలో ముఖ్యమైన భాగం.

తెలుగులో రక్తాన్ని ‘మంచి రక్తం’, ‘చెడు రక్తం’ అని చెప్పే అలవాటు ఉంది. ఆ మాటలు విన్న విద్యార్థి ధమనుల్లో ఎప్పుడూ మంచి రక్తమే, సిరల్లో ఎప్పుడూ చెడు రక్తమే ఉంటుందని స్థిరపరచుకుంటాడు. పుపుస ధమని దగ్గరకు వచ్చేసరికి తికమకపడతాడు. గుండె నుంచి రక్తాన్ని తీసుకుపోయేది ధమని, గుండెకు తెచ్చేది సిర అనే నిర్వచనం మొదటి రోజే చెబితే ఈ చిక్కు ఉండదు. పైగా విశ్రాంతి స్థితిలో సిరల రక్తంలోని హిమోగ్లోబిన్ కూడా సుమారు 75 శాతం ఆక్సిజన్‌తో నిండే ఉంటుంది. దాన్ని ‘చెడు’ అనడానికి ఆధారమే లేదు.

పరికరాలు లేవన్న కారణంతో ప్రయోగాలు మానుకోనక్కరలేదు. విద్యార్థిని పడుకోబెట్టి నిమిషానికి నాడి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కించండి. లేచి నిలబడితే ఏమవుతుందో ముందుగా ఊహించి రాయమనండి. తరవాత మళ్ళీ లెక్కించండి. సాధారణంగా వేగం పెరుగుతుంది. నిలబడగానే కొంత రక్తం కాళ్ళలోకి దిగి, గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది. రక్తపీడనం తగ్గడాన్ని మెడలోని, మహాధమని వంపులోని గ్రాహకాలు పసిగట్టగా నాడీవ్యవస్థ గుండె వేగాన్ని పెంచుతుంది. ఊహించి, కొలిచి, కారణం వెతికిన విద్యార్థి ‘సమస్థితి’ అన్న మాటను కంఠస్థం చేయవలసిన పనిలేదు.

4. శిక్షణ అవకాశాలు
1986 జాతీయ విద్యా విధానం తరవాత యూజీసీ విశ్వవిద్యాలయాల్లో అకడమిక్ స్టాఫ్ కళాశాలలను నెలకొల్పింది. తరవాత వీటి పేర్లు మారినా పని కొనసాగుతోంది. హైదరాబాదులో ఉస్మానియా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ విశ్వవిద్యాలయాల్లో ఈ కేంద్రాలు ఉన్నాయి. తుక్కుగూడలో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే గచ్చిబౌలిలోని రెండింటికి దారి నేరుగా ఉంటుంది. సెలవు దొరకనివారు 2018లో మొదలైన ‘అర్పిత్’ వంటి ఆన్‌లైన్ కోర్సుల వల్ల స్వయం వేదిక ద్వారా ఇంటినుంచే నేర్చుకునే వీలు కలిగింది.

నియమాలు మారినప్పుడు శిక్షణ అవసరం మరింత పెరుగుతుంది. జంతుశాస్త్ర ప్రయోగశాలల్లో జంతువుల విచ్ఛేదనం ఆపివేయాలని యూజీసీ 2014లో సూచించింది. కప్పను కోసి బోధించడం నేర్చుకున్న అధ్యాపకుడు నమూనాలతో, కంప్యూటర్ అనుకరణలతో బోధించడం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. 2019లో వైద్య కళాశాలల్లో సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక వచ్చినప్పుడు మొదటి సంవత్సరం అధ్యాపకుల పరిస్థితీ ఇంతే.

ఒక మాట మరచిపోవద్దు. ఈ కోర్సులు పదోన్నతికి లెక్కకు వస్తాయి కాబట్టి కేవలం ధ్రువపత్రం కోసం హాజరయ్యేవారూ ఉంటారు. శిక్షణ ఫలితం ధ్రువపత్రంలో కనిపించదు. తిరిగి వచ్చాక మీరు చెప్పిన మొదటి పాఠంలో ఏం మారిందన్నదే దాని కొలత. ఏటా ఒక్క పాఠాన్నైనా కొత్తగా రాసుకోండి. సహోద్యోగిని మీ తరగతిలో కూర్చోబెట్టి లోపాలు చెప్పమని అడగండి. విద్యార్థుల జవాబు పత్రాల్లో ఎక్కువమంది చేసిన తప్పును గుర్తించి, అది మీ బోధన నుంచి వచ్చిందేమో చూసుకోండి.

5. సారాంశం
అధ్యాపకుడి వృత్తిపరమైన అభివృద్ధికి మూడు ముఖాలు: విషయాన్ని సరిచూసుకోవడం, విద్యార్థి అపోహలను ముందుగా గుర్తించడం, శిక్షణను తరగతి గదిలో ఆచరించడం. మొదటి రెండూ మూడవదానితోనే సార్థకమవుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. ‘మంచి రక్తం, చెడు రక్తం’ అనే వాడుక వల్ల కలిగే అపోహ ఏమిటి?
2. మీరు విద్యార్థిగా నేర్చుకొని, తరవాత తప్పని తెలుసుకున్న ఒక విషయాన్ని రాయండి. దాన్ని మీరు ఎలా బోధిస్తారు?