దారిని బట్టి సంచి

వేలకు వేలు పోసి కెమెరా కొంటాం. దాన్ని మోసే సంచి దగ్గరికొచ్చేసరికి 'ఏదో ఒకటిలే' అనుకుంటాం. రెంటచింతల ఎండ, పిడుగురాళ్ల సున్నం, కోటప్పకొండ తిరునాళ్ల తొక్కిడి... పల్నాడులో ఫొటోలు తీసేవాళ్లకు ఆ 'ఏదో ఒకటి' సరిపోదు.

మహాశివరాత్రి సాయంత్రం. నరసరావుపేట నుంచి కోటప్పకొండకు వెళ్లే దారంతా ట్రాక్టర్లు, బైకులు, నడిచిపోయే జనం. మిలమిలలాడే దీపాలతో ఓ ప్రభ కదిలొస్తోంది. రోడ్డు పక్కన బైకు ఆపిన కుర్రాడొకడు గబగబా కాలేజీ బ్యాగు తెరిచాడు. అందులో పాలిథిన్ కవరు, కవరులో తువాలు, తువాలులో కెమెరా. అన్నీ విప్పి కంటికి ఆనించుకునేసరికి ప్రభ మలుపు తిరిగిపోయింది.

"కెమెరా భద్రంగానే ఉందన్నా, ఫొటోనే పోయింది" అన్నాడు నవ్వుతూ.

నేను చేసిన తప్పు దీనికి సరిగ్గా తలకిందులు. మొదటి కెమెరా కొన్నప్పుడు దుకాణదారు "రేపు ఇంకో లెన్సు కొంటారు, ఫ్లాష్ కొంటారు, పెద్దదే తీసుకోండి సార్" అన్నాడు. తీసుకున్నాను. సంచిలో చోటు ఖాళీగా ఉంటే ఊరుకోదు గదా! ఛార్జరు, నీళ్ల సీసా, గొడుగు, చివరికి కరెంటు బిల్లు కూడా చేరాయి. రెండు నెలలకే భుజం మొరాయించింది. సంచి బీరువా ఎక్కింది, కెమెరా ఒంటరిగా మెడలో వేలాడింది. ఆ ఏడాది కారంపూడి వీరుల ఉత్సవంలో ఎవరి మోచేయో తగిలి లెన్సు అంచు సొట్టపోయింది. అంత మందాన స్పాంజి ఉన్న సంచి ఇంట్లో ఉంటే ఏం లాభం?

అందుకే చిన్న సంచి. కెమెరా, దానికి తగిలించిన లెన్సు, ఇంకో బ్యాటరీ, కార్డు, తుడుచుకునే గుడ్డ. ఇంతే పట్టాలి. బయల్దేరేటప్పుడు తీసుకెళ్లాలా వద్దా అన్న ఆలోచనే రాకూడదు.

నీడలోనే నలభై

చాలా కెమెరాల వెంట వచ్చే పుస్తకంలో 0 నుంచి 40 డిగ్రీల మధ్య వాడుకోమని రాసి ఉంటుంది. వేసవిలో రెంటచింతల పేరు పేపర్లో ఎందుకొస్తుందో మనకు తెలుసు. అక్కడ నలభై దాటడం వింత కాదు. పైగా వాతావరణ శాఖ చెప్పే లెక్క నీడలోది. ఎండలో నిలబెట్టిన బైకు ట్యాంకు మీది నల్ల సంచి లోపల ఎంత ఉంటుందో చెయ్యి పెడితే తెలుస్తుంది. స్కూటీ డిక్కీ ఇంకా అన్యాయం. పైన ఎండ, కింద ఇంజిను. లేత రంగు సంచి, ఒంటికి తగిలించుకుని వెళ్లడం, ఆగిన చోట నీడ వెతుక్కోవడం... వీటికి పైసా ఖర్చు లేదు. గతుకుల రోడ్డు మీద డిక్కీలో ఎగిరిపడే కెమెరాకు, మన ఒంటిని అంటిపెట్టుకున్న కెమెరాకు తగిలే కుదుపులోనూ తేడా ఉంటుంది.

సున్నం, చెమ్మ

పిడుగురాళ్ల అంటేనే సున్నపు బట్టీలు. ఆ చుట్టుపక్కల గాలిలో తేలే తెల్లటి పొడి జిప్పు పళ్ల సందుల్లోంచి కూడా దూరుతుంది. కాల్చిన సున్నానికి నీళ్లు తగిలితే కుతకుతలాడుతుందని ఇళ్లకు వెల్ల వేసిన తరానికి చెప్పక్కర్లేదు. అలాంటి పొడి పడిన లెన్సును చెమట చేత్తోనో, తడి గుడ్డతోనో రుద్దకూడదు. ముందు బ్లోయరుతో ఊదాలి, మెత్తటి కుంచెతో దులపాలి, గుడ్డ ఆఖరున. సంచి కొనేటప్పుడు జిప్పు ఒక్కటే ఉంటే చాలదు, దాని మీద కప్పుకునే మడత కూడా ఉండాలి.

వానాకాలంలో ఎత్తిపోతల దగ్గరికో, లాంచీలో నాగార్జునకొండకో వెళ్తే భయం దుమ్ముది కాదు, చెమ్మది. మాచర్ల వైపు నుంచి వచ్చే చంద్రవంక ఎత్తిపోతల దగ్గర దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. తడిసిన సంచిలోనే కెమెరాను రోజుల తరబడి వదిలేస్తే లెన్సు లోపల సాలెగూడులా బూజు అల్లుకోవచ్చు. పాత స్టూడియోల్లో యాషికా కెమెరాలకు ముచ్చటైన తోలు తొడుగులుండేవి. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. తిరిగేటప్పుడు తొడుగు, ఇంట్లో మాత్రం కెమెరా విడిగా ఉండటం మేలు. కెమెరాను బియ్యం డబ్బాలో దాచేవాళ్లూ ఉన్నారు, తవుడు దుమ్ము లోపలికి పోతుంది. సిలికా జెల్ పొట్లం చాలు. నీలం గింజల రకమైతే చెమ్మ పీల్చాక గులాబీ రంగుకు తిరిగి, మార్చమని అదే చెబుతుంది.

పెళ్లి ఫొటోగ్రాఫర్లకు ఇంకో చిక్కుంది. ఏసీ హాల్లోంచి ఎండలోకి రాగానే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. చల్లటి కెమెరాను సంచిలో పెట్టి, జిప్పు మూసి, బయట కాసేపు ఆగి తీస్తే ఆ బాధ తగ్గుతుంది. అంటే సంచి దెబ్బల నుంచి కాపాడటమే కాదు, వేడినీ నెమ్మదిగా లోపలికి రానిస్తుంది.

జాలరి సంచి, విలేకరి సంచి

ఇంగ్లండులో బిల్లింగ్‌హామ్ కంపెనీ 1973లో మొదలైంది చేపలు పట్టేవాళ్ల సంచులతో. 1978లో చూసుకుంటే న్యూయార్క్‌లో వాటిని కొంటున్నవాళ్లలో చాలామంది ఫొటోగ్రాఫర్లు! ఆ తర్వాతే అది కెమెరా సంచుల కంపెనీ అయింది. అమెరికాలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికలో పనిచేసే జిమ్ డోమ్కే కూడా 1970ల్లో తన పనికి తగ్గ గుడ్డ సంచిని తానే రూపొందించుకున్నాడు. పెట్టెలా బిగుసుకుపోకుండా ఒంటిని అంటుకుని ఉండాలి, చెయ్యి పెట్టగానే వస్తువు అందాలి. అతని లెక్క అదీ.

కారంపూడిలో ఆ లెక్క ఎంత నిజమో తెలుస్తుంది. కార్తీక అమావాస్యకు మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ ఐదు రోజులు సాగే ఉత్సవం. వీరుల ఆయుధాలైన కొణతాలతో ఊరేగింపు కదిలితే ఫొటోగ్రాఫరూ దాంతో పరుగెత్తాల్సిందే. వీపున వేసుకున్న సంచి వెనకవాళ్లకు అడ్డం, జేబుదొంగకు సులువు. అడ్డంగా వేసుకుని, సంచిని పొట్ట మీదికి తెచ్చుకుని, జిప్పు మన వైపు తిప్పుకుంటే రెండు బాధలూ ఉండవు.

దుకాణంలో ఐదు నిమిషాలు

కెమెరా లేకుండా సంచి కొనడానికి వెళ్లడం, కాళ్లు ఇంట్లో పెట్టి చెప్పులు కొనడానికి వెళ్లినట్టే. లెన్సు తగిలించిన కెమెరాను సంచిలో పెట్టండి. చుట్టూ ఒక వేలు పట్టే ఖాళీ చాలు. జిప్పు మూసి మెల్లగా ఊపండి, లోపల దొర్లిన చప్పుడు రాకూడదు. అడుగున నొక్కి చూడండి, వేలికి నేల గట్టిగా తగిలితే ఆ స్పాంజి ఉన్నా లేనట్టే. భుజం పట్టీ సంచికి కలిసే చోట కుట్టు ఒక్క వరసే ఉంటే పక్కన పెట్టేయండి. ముందుగా తెగేది అక్కడే. చివరగా, కళ్లు మూసుకుని ఒంటిచేత్తో జిప్పు తీసి కెమెరా బయటకు లాగండి. తడుముకుంటే అది మీ సంచి కాదు. ఆన్‌లైన్లో కొనేవాళ్లు లోపలి కొలత చూసుకోవాలి. పెద్ద అక్షరాల్లో కనిపించేది చాలాసార్లు బయటి కొలతే.

ఇప్పుడు నా దగ్గరున్నది బూడిద రంగు చిన్న సంచి. మొన్న పాత పేపరు పరిచి, దాన్ని తిరగేసి దులిపాను. పిడుగురాళ్ల తెల్లపొడి రాలింది. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల దగ్గర అంటిన ఎర్రటి ధూళి, తిరునాళ్లలో ఎవరో చల్లిన పసుపు, ఒక కొబ్బరి పీచు రాలాయి. తిరిగిన దారులన్నీ పేపరు మీద ఉన్నాయి. పక్కనే కెమెరా, లెన్సు మూత తీసి వెలుగుకు పెట్టి చూశాను. అద్దం మీద ఒక్క నలుసు లేదు.