పంపులోని ఇంపెల్లర్ – రకాలు, ఎంపిక

ఉద్దేశాలు
ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఇంపెల్లర్ నీటిని ఎలా తోస్తుందో వివరించగలుగుతారు.
• నీటిని బట్టి తగిన ఇంపెల్లర్‌ను ఎంచుకోగలుగుతారు.

1. పరిచయం
పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో తెలుగువారు ఎక్కువ. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో అనేక కుటుంబాలు ఉద్యోగాల కోసం వెళ్ళి అక్కడ స్థిరపడ్డాయి. అటువంటి రైల్వే పట్టణంలో పంపులకు రెండు రకాల పని ఉంటుంది. ఇళ్ళకూ, రైలు పెట్టెలకూ శుభ్రమైన నీటిని పైకి ఎక్కించాలి. వానాకాలంలో పల్లపు చోట్ల నిలిచిన బురద నీటిని తోడిపోయాలి. రెండింటికీ సెంట్రిఫ్యూగల్ పంపునే వాడవచ్చు. కాని ఒకే రకం ఇంపెల్లర్ సరిపోదు. ఎందుకు?

2. ఇంపెల్లర్ ఎలా పని చేస్తుంది?
చేసి చూడండి: గ్లాసులోని నీటిని చెంచాతో వేగంగా తిప్పండి. మధ్యలో గుంట పడి, నీరు అంచుల వైపు ఎగబాకుతుంది.

ఇంపెల్లర్ అంటే రెక్కలున్న చక్రం. మోటారు దానిని తిప్పినప్పుడు నీరు మధ్య నుండి అంచుకు విసరబడుతుంది. మధ్యభాగాన్ని ‘కన్ను’ అంటారు. అక్కడ పీడనం తగ్గుతుంది. అప్పుడు వాతావరణ పీడనం బావిలోని నీటిని గొట్టంలోకి నెడుతుంది. అంచు దాటిన నీరు కేసింగ్‌లో నెమ్మదిస్తుంది; దాని వేగం పీడనంగా మారుతుంది.

రెక్కలు సాధారణంగా తిరిగే దిశకు వెనుకవైపు వంగి ఉంటాయి. 1851 లండన్ ప్రదర్శనలో జాన్ అపోల్డ్ వంపు రెక్కల పంపు 68 శాతం సామర్థ్యం చూపింది. తిన్నని రెక్కలతో అది 24 శాతమే.

3. రకాలు
మూసినది: రెక్కలకు రెండు వైపులా పళ్ళాలు ఉంటాయి. నీరు వెనక్కి జారడం తక్కువ కనుక కరెంటు ఆదా అవుతుంది. శుభ్రమైన నీటికి ఇది తగినది. చెత్త చేరితే లోపల ఇరుక్కుంటుంది.
సగం తెరిచినది: వెనుకవైపు మాత్రమే పళ్ళెం ఉంటుంది. కొద్దిగా మట్టి కలిసిన నీటికి పనికివస్తుంది.
తెరిచినది: పళ్ళాలు ఉండవు. చెత్త చేరినా శుభ్రం చేయడం సులువు. సామర్థ్యం తక్కువ.

4. జాగ్రత్త
మూడు ఫేజుల మోటారుకు రెండు వైర్లు తారుమారైతే ఇంపెల్లర్ వెనక్కి తిరుగుతుంది. అయినా కొంత నీరు వస్తూనే ఉంటుంది. అందుచేత లోపం వెంటనే తెలియదు. నీరు తగ్గితే పెద్ద మోటారు కొనే ముందు, కేసింగ్‌పై ఉన్న బాణం గుర్తు ప్రకారం తిరుగుతున్నదో లేదో చూడండి. కేసింగ్ విప్పే ముందు కరెంటు తప్పక ఆపివేయండి.

మీరు నేర్చుకున్నది
పంపును హార్స్‌పవర్ ఒక్కటే చూసి ఎంచుకోరాదు. నీటి స్వభావం, ఎక్కించవలసిన ఎత్తు కూడా చూడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. బురద నీటికి మూసిన ఇంపెల్లర్ ఎందుకు తగదు?
2. ఇంపెల్లర్ ‘కన్ను’ వద్ద పీడనం పెరుగుతుందా, తగ్గుతుందా?

జవాబులు
1. పళ్ళాల మధ్య చెత్త ఇరుక్కుంటుంది.
2. తగ్గుతుంది.