ఐదు లీటర్ల పాలు – ఒక కిలో పనీరు



బాసర చుట్టుపక్కల పల్లెల్లో పొద్దున్నే బర్రె పాలు పితికి, కేంద్రానికి పోసి, చీటీ తెచ్చుకునే ఇండ్లు మీకు తెలిసినవే. వసంత పంచమికి పిల్లవాడి అక్షరాభ్యాసమని చుట్టాలు దిగుతారు. ఇంట్లో పెండ్లి కుదురుతుంది. అప్పుడు విందులోకి పనీరు కావాలని అదే ఇంటివారు నిజామాబాదుకో నిర్మలుకో మనిషిని పంపుతారు. పాలు మన కొట్టంలోనివి, పనీరు మాత్రం పరాయి ఊరిది. పైగా అది పాలతో చేసినదో కాదో మనకు తెలియదు. అందుచేత ఈవేళ నాలుగు సంగతులు తెలిసికొందాము. పనీరు అంటే ఏమిటి? ఇంట్లో ఎట్లా చేసికోవాలి? మన వంటల్లోకి ఎట్లా తెచ్చుకోవాలి? ఒకవేళ కొనవలసివస్తే ఏ లెక్క చూసి కొనాలి?

మొదట ఒక అనుమానం తీర్చుకుందాము. “పనీరంటే మన జున్నే కదా” అని చాలామంది అడుగుతూ వుంటారు. కాదు. జున్ను ఈనిన బర్రె తొలి రోజుల్లో ఇచ్చే చిక్కటి ముర్రుపాలతో అయ్యేది. దానిలో పులుపు వెయ్యనక్కరలేదు, వేడి తగిలితే చాలు, దానంతట అదే గడ్డకడుతుంది. ఆ ముర్రుపాలు ముందుగా దూడ సొత్తు. పుట్టిన గంటలోపల దూడ వాటిని తాగవలెను. రోజు మొత్తం మీద దూడ బరువులో పదోవంతు పాలు దానికి అందవలెను. రోగాలను తట్టుకునే శక్తి దూడకు వాటితోనే వస్తుంది. దూడ తాగగా మిగిలితేనే మనకు జున్ను. పనీరు సంగతి వేరు. అది మామూలు పాలను కాచి, వేడిమీద పులుపు వేసి విరిచి, నీరు పిండగా మిగిలిన ముద్ద. పనీర్ అనే మాట పారశీకంలోనుంచి ఉర్దూ, హిందీలకు వచ్చి, అక్కడనుంచి మనకు వచ్చినది.

పాలు విరగడమంటే లోపల ఏమి జరుగుతుంది? పాలలో కేసిన్ అనే మాంసకృత్తు కంటికి కనపడనంత సన్నని రేణువులుగా తేలుతూ వుంటుంది. ఆ రేణువులు ఒకదానినొకటి దూరంగా నెట్టుకుంటూ వుంటాయి. పాలు పాలలాగా నిలిచివుండేది అందుకే. పులుపు తగలగానే ఆ నెట్టుడు పోతుంది. రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, మధ్యలో వెన్నను పట్టుకుని, ముద్దలు కడతాయి. పచ్చని తేటనీరు విడిపోతుంది. పెరుగులోనూ పులుపే పని చేస్తుంది గాని, అక్కడ తోడు మెల్లగా పులుస్తుంది, నీరు లోపలే నిలిచివుంటుంది. ఇక్కడ వేడిమీద ఒక్కసారిగా పులుపు తగలడంవల్ల నీరు బయటికి వచ్చేస్తుంది.

పాలను ముందు ఎందుకు మరిగించవలెను? ఒక కారణం రోగక్రిములు చావడం. రెండవది, పాలనీటిలో కరిగివుండే మరికొన్ని మాంసకృత్తులు ఆ వేడికి కేసిన్‌ను అంటిపట్టుకుంటాయి. బాగా కాగని పాలను విరిస్తే అవి తేటతోపాటు పారిపోతాయి, పనీరు తక్కువ దిగుతుంది.

ఇక చేసే పద్ధతి. ఒక లీటరు బర్రె పాలు తీసుకోండి. పొదుగువాపు వచ్చిన బర్రె పాలు పనికిరావు. బర్రెకు సూదిమందు వేయించి వుంటే, పశువైద్యుడు చెప్పిన గడువు దాటేదాకా ఆ పాలు వాడవద్దు. మందు అంశం కాచినంతమాత్రాన పోదు. గిన్నె స్టీలుదైతే మంచిది. కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెల్లో పులుపు పోయరాదు.

పాలు అడుగంటకుండా కలుపుతూ ఒక పొంగు రానివ్వండి. దించి రెండు మూడు నిమిషాలు ఆగండి. కుతకుత తగ్గాలి, కాని వేలు పెట్టలేనంత వేడి వుండాలి. ఒక పెద్ద నిమ్మకాయ రసంలో అంతే వేడినీళ్లు కలిపి, కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో మెల్లగా తిప్పండి. ముద్దలు విడిపోయి, తేట పసుపుపచ్చగా కనపడగానే పులుపు ఆపేయండి. ఆ తేట ఇంకా తెల్లగా వుంటే మరి కొన్ని చుక్కలు పోయండి. నిమ్మకాయ లేకపోతే రెండు గ్రాముల నిమ్మ ఉప్పు నీళ్లలో కరిగించి పోయవచ్చును. నిన్న పనీరు చేసినప్పటి తేట పులిసివుంటే దానితోనే విరవవచ్చును.

ఐదు నిమిషాలు కదపకుండా వుంచి, ఉతికిన పల్చని నూలుగుడ్డలో వడకట్టండి. పులుపు వాసన పోవడానికి పైన ఒక చెంబెడు చన్నీళ్లు పోయండి. మూటకట్టి, పీటమీద పెట్టి, పైన రెండు మూడు కిలోల బరువు వుంచండి. ఇరవై నిమిషాలు చాలు. పిమ్మట గడ్డను చల్లని నీళ్లలో వేసి వుంచితే గట్టిపడి, ముక్కలు చక్కగా తెగుతాయి.

మీ పనీరు రబ్బరులాగా సాగుతున్నదా? పులుపు ఎక్కువ పడిందో, పొయ్యిమీద మరుగుతూ వుండగానే విరిచారో, బరువు ఎక్కువసేపు వుంచారో, ఈ మూడింటిలో ఏదో ఒకటి అయివుంటుంది. పొడిపొడిగా రాలుతున్నదా? బరువు చాలలేదు, లేదా పాలలో వెన్న తక్కువ.

లీటరు బర్రె పాలకు సుమారు 200 గ్రాముల పనీరు దిగుతుంది. ఆవు పాలకు 150 గ్రాముల చుట్టుపక్కల వస్తుంది. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, ముందు దీనితో పని వున్నది.

మిగిలిన తేటను మోరీలో పారబోయకండి. కొంత మాంసకృత్తు, పాలలోని చక్కెర, లవణాలు అందులోనే వున్నాయి. దానిని వేడి చేసి జొన్నపిండి తడపండి, రొట్టె మెత్తగా వస్తుంది. పప్పు ఉడికిన తరువాత చింతపండు తగ్గించి ఈ తేట పోయవచ్చును. శనగపిండి కలిపి పోపు పెడితే మజ్జిగపులుసులాంటిది అవుతుంది. ఇంకా మిగిలితే కుడితిలో కొద్దిగా కలిపి బర్రెకు పెట్టండి.

ఇప్పుడు వంటలు. పనీరు వంట మన పాతకాలపు అమ్మమ్మల దగ్గర నేర్చినది కాదు. కాని నేర్పేవాళ్లకు మన ప్రాంతంలో కరువు లేదు. గోదావరి కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వచ్చి బాసరకు చేరుతుంది. ఎగువన అదే నది ఒడ్డున నాందేడ్ వున్నది. గురు గోవింద్ సింగ్ 1708లో అక్కడే పరమపదించారు, సిక్కుల తఖ్తు హజూర్ సాహెబ్ అక్కడ వున్నది. రైలు దాటితే ధర్మాబాదు, మరాఠీ ఇండ్లు. తూర్పుగా కాగజ్‌నగర్ దగ్గర ఈజ్‌గాంలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలున్నాయి. బంధువుల ఇండ్లలోను, ఈ స్నేహితుల ఇండ్లలోను నేను చూసి నేర్చుకున్నవి నాలుగు చెబుతాను. ఒక లీటరు పాల పనీరు ఒక పూట నలుగురికి సరిపోతుంది.

మొదటిది పొరటు. ఇది మా వదిన పద్ధతి. కోడిగుడ్డు తినని ఇంట్లో గుడ్డు పొరటు బదులు పుట్టిన కూర. రెండు ఉల్లిగడ్డలు, మూడు పచ్చిమిరపకాయలు సన్నగా తరిగి, రెండు చెంచాల నూనెలో వేయించండి. చిటికెడు పసుపు, తగినంత ఉప్పు వేసి, పనీరును చేత్తో చిదిపి కలపండి. మూడు నిమిషాలకు మించి పొయ్యిమీద వుంచవద్దు. కొత్తిమీర చల్లి దించండి. దీనికి పనీరును బరువు కింద పెట్టనక్కరలేదు, పిండితే చాలు. జొన్నరొట్టెలోకి దీనికి సాటి లేదు.

రెండవది పాలకూర పనీరు, నాందేడ్‌లోని సర్దార్ మిత్రుని ఇంట్లో చూసినది. రెండు కట్టల పాలకూరను మరిగే నీళ్లలో రెండు నిమిషాలు వుంచి, వెంటనే చన్నీళ్లలో వేయండి. ఆకు పచ్చదనం పోదు. దానిని మెత్తగా నూరండి. జీలకర్ర, అల్లం, వెల్లుల్లి, ఒక ఉల్లిగడ్డ వేయించి, నూరిన ఆకు పోసి ఐదు నిమిషాలు ఉడికించండి. పనీరు ముక్కలను ఆఖరున వేయవలెను. ఆ ఇంటి పెద్దమ్మ చెప్పిన కిటుకు ఇదే, “కూర ఉడకాలి గాని పనీరు ఉడకగూడదు” అనేవారు. ముక్కలు వేయించి వేసే అలవాటుంటే, వేయించిన వెంటనే ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలోనో, మిగిలిన తేటలోనో వేసి తీయండి. మెత్తగా వుంటాయి.

మూడవది పల్లీల, నువ్వుల పులుసు. పల్లీల పొడి లేకుండా కూర వండని ధర్మాబాదు పొరుగింటి అక్క నేర్పింది. రెండు పెద్ద చెంచాల పల్లీలు, ఒక చెంచా నువ్వులు, చిన్న ఎండుకొబ్బరి ముక్క విడివిడిగా వేయించి, ఉల్లిగడ్డతో కలిపి నూరండి. నూనెలో ఈ ముద్దను వేసి, కారం, పసుపు, ధనియాల పొడి చేర్చి, అంచులకు నూనె తేలేదాకా వేయించండి. ఉసిరికాయంత చింతపండు పిసికిన పులుసు, అరగ్లాసు నీళ్లు పోసి మరగనిచ్చి, పనీరు ముక్కలు వేసి సన్నని మంటమీద ఐదు నిమిషాలు వుంచండి. మన గుత్తివంకాయ కూరకు ఇది చెల్లెలు. అన్నంలోకి, రొట్టెలోకి రెండింటికీ సరిపోతుంది.

నాలుగవది తీపి. బెంగాలీలు ఆవుపాలు విరిచి, బరువు పెట్టకుండా మెత్తగా వుంచుకుంటారు, దానిని ఛానా అంటారు. రసగుల్లాకు అదే మూలం. లీటరు ఆవుపాల ఛానాను అరచేతి మడమతో పది నిమిషాలు మెదపండి, పలుకు తగలకూడదు. దానిలో మూడోవంతు చక్కెర కలిపి, సన్నని మంటమీద గిన్నెను విడిచేదాకా తిప్పండి. ఏలకుల పొడి వేసి చిన్న బిళ్లలు చేయండి. అదే సందేశ్. బడినుంచి వచ్చిన పిల్లలకు దుకాణపు పొట్లాంకన్న ఇది మేలు.

వండగా మిగిలిన పనీరును నీళ్లలో ముంచి, మూతపెట్టి ఫ్రిజ్‌లో వుంచి, రోజూ నీళ్లు మార్చండి. నాలుగైదు రోజులలో వాడుకోవడం మంచిది. ఫ్రిజ్ లేనివారు చేసిననాడే వండుకోవలెను. జిగురు పట్టినా, వాసన మారినా మొహమాటం లేకుండా పారవేయండి.

ఇందాక చెప్పిన లెక్కకు వద్దాము. లీటరుకు 200 గ్రాములైతే, ఒక కిలో పనీరుకు ఐదు లీటర్ల బర్రె పాలు కావాలి. ఆవుపాలైతే ఇంకా ఎక్కువ. మీ కేంద్రంలో మీకిచ్చే లీటరు ధరను ఐదుతో హెచ్చవేయండి. అది కిలో పనీరులో పోసిన పాల ఖరీదు మాత్రమే. కట్టెలు, కూలి, బండి కిరాయి, దుకాణదారుని లాభం ఇంకా కలవలేదు. పెండ్లికి సరుకు తెస్తానని ఎవరైనా అంతకన్న తక్కువ ధర చెబితే సంతోషించకండి. “ఐదు లీటర్ల పాలు ఇంత తక్కువకు నీకు ఎవరు పోశారు?” అని అడగండి. పాడి రైతును ఈ లెక్కలో ఎవరూ మోసం చేయలేరు.

ఆ తక్కువ ధర ఎట్లా వస్తుంది? పాలవెన్న తీసేసి, దాని బదులు చవక నూనె కలిపి చేసిన సరుకు వున్నది. చూపుకు పనీరులాగే వుంటుంది. అటువంటి దానిని పనీరు పేరుతో అమ్మడం చట్టానికి విరుద్ధం. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం మామూలు పనీరులో తేమ నూటికి 60 పాళ్లు మించకూడదు, తేమ పోగా మిగిలిన గట్టి పదార్థంలో సగానికి తగ్గకుండా పాలవెన్న వుండవలెను. పిండి కలిపినది ఇంట్లోనే పట్టుకోవచ్చును. చిన్న ముక్కను నీళ్లలో మరిగించి, చల్లార్చి, రెండు చుక్కల టింక్చర్ అయోడిన్ వేయండి. నీలిరంగు తిరిగితే పిండి వున్నట్టే. నూనె కలిపినది మాత్రం ఈ పరీక్షకు దొరకదు. అక్కడ ధర లెక్కే మీకు కాపలా.

ఇందులో పాడి రైతుకు రెండు నష్టాలున్నవి. పాలు లేని పనీరు ఎంత అమ్ముడుపోతే మన పాలకు అంత గిరాకీ తగ్గుతుంది. అది కొని మన పిల్లలకే పెడితే, మన బర్రె ఇచ్చిన బలం వాళ్లకు దక్కకుండా పోతుంది. నూరు గ్రాముల అసలు పనీరులో సుమారు 18 గ్రాముల మాంసకృత్తులున్నాయి. పప్పులు పిరమైన రోజుల్లో, మాంసం తినని ఇంట్లో, బాలింతకు, ఎదిగే పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు. వెన్న కూడా బాగానే వుంటుంది కనుక గుండెజబ్బు వున్న పెద్దలు కొద్దిగానే తినవలెను.

పాలన్నీ అమ్ముకోవద్దని నేను చెప్పడం లేదు. పాల డబ్బుతోనే నూకలు, ఫీజులు, మందులు నడుస్తాయని నాకు తెలుసు. వారానికి ఒక్క పూట ఒక్క లీటరు ఇంటికి ఆపండి. మొదటి వారం పొరటు చేయండి, అది చేతికి వచ్చిన తరువాత పులుసు చేయండి. విందుకు పది కిలోలు కావలసివస్తే నలుగురు ఇంటివాళ్లు కలిసి యాభై లీటర్లు విరవండి. ఖర్చు ఎంతయిందో కాగితం మీద వేసుకోండి. ఏ పాలతో చేసినదో మీకు తెలిసిన పనీరు విస్తట్లో పడుతుంది.