ముప్పై ఏడో గడి

దసరా ముందు సింగరేణి లాభాల వాటా చేతికందే రోజుల్లో గోదావరిఖని బజార్లు కళకళలాడతాయి. పెద్దపల్లి జిల్లాలో కాసినో లేదు, 1974 నాటి గేమింగ్ చట్టం ఉండనివ్వదు కూడా. అయినా బంతి ఏ అంకె గడిలో పడుతుందోనని పందెం కాసే రూలెట్ చక్రం ఫోన్ తెర మీదికి వచ్చేసింది. దాన్ని మోసపు యంత్రమని తిట్టి ఊరుకుంటే లాభం లేదు. సక్రమంగా తిరిగే చక్రానికి మోసంతో పనే లేదు. నడిపేవాడి సంపాదనంతా ఒకే ఒక్క గడిలో, అందరి కళ్ల ముందే ఉంటుంది.

ఆగకుండా తిరిగే యంత్రం కోసం వెతుకుతూ ఫ్రెంచి గణితవేత్త పాస్కల్ దీన్ని కనిపెట్టాడంటారు. ఆ కథకు ఆధారం లేదు. 1658లో ఆయన ‘రూలెట్’ చరిత్ర రాసిన మాట నిజమే గానీ, అది జూదం గురించి కాదు. దొర్లే బండిచక్రం అంచు మీది ఒక బిందువు గీసే వంపు గురించి. గట్టిగా చెప్పగలిగింది ఇదీ: 1796 నాటికి పారిస్‌లోని పాలె రాయల్‌లో ఈ ఆట నడుస్తోంది. ఆ చక్రంలో 1 నుంచి 36 దాకా అంకెలు, వాటితోపాటు రెండు సున్నాలు ఉండేవి. 1843లో జర్మనీలోని హోంబుర్గ్‌లో బ్లాంక్ సోదరులు ఒక సున్నా తీసేశారు. తమ వాటా దాదాపు సగానికి తగ్గినా జనం విరగబడ్డారు. తరువాత ఫ్రాంస్వా బ్లాంక్ మాంటే కార్లో కాసినోను నిలబెట్టింది ఆ మిగిలిన సున్నా మీదే.

పందేలు చూడటానికి ఎన్నో. ఒక్క అంకె మీద కాస్తే 35 రెట్లు, పక్కపక్కనున్న రెండింటి మీద 17, నాలుగింటి మీద 8, డజను మీద 2 రెట్లు, ఎరుపు నలుపులకు సరికి సరి. 37 గడులున్న ఒక్క సున్నా చక్రం మీద రూపాయి చొప్పున 37 సార్లు ఎరుపు మీద కాస్తే సగటున 18 సార్లు గెలుస్తాం. ఒక్కోసారికి రెండు రూపాయలు, అంటే 36. ఒకే అంకె మీద కాస్తే ఒక్కసారే గెలుపు, కాసిన రూపాయితో కలిపి అదీ 36. డజను మీద 12 సార్లు, మూడేసి చొప్పున మళ్లీ 36. ఏ దారిన పోయినా 37వ రూపాయి తిరిగి రాదు.

ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేస్తే ఒక్క గెలుపుతో అన్నీ రాబట్టుకోవచ్చు గదా అంటారు. వందతో మొదలుపెట్టి పదిసార్లు వరసగా ఓడితే పోయేది 1,02,300 రూపాయలు. పదకొండో పందేనికి 1,02,400 కావాలి; గెలిస్తే మిగిలేది వంద. 1913 ఆగస్టు 18న మాంటే కార్లోలో 26 సార్లు వరసగా నలుపే పడింది. ఇక ఎరుపే వస్తుందని కాసినవాళ్లు మునిగారు. చక్రానికి జ్ఞాపకం ఉండదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యపు ఆట అన్నదంటే, పడిన ముక్కలను గుర్తుంచుకోవడం అందులో పనికొస్తుంది కాబట్టే. రూలెట్‌లో ఆ ఆసరా లేదు. మరి 1961లో అమెరికా గణితవేత్తలు థార్ప్, షానన్ ఒంటికి తగిలించుకునే చిన్న కంప్యూటర్‌తో బంతి పడే చోటు ఊహించారు గదా? ఊహించారు, ఎదుట తిరిగే చక్రం, బంతి వేగాలను కొలిచి. ఫోన్‌లో కొలవడానికి చక్రమే లేదు. కనిపించేది బొమ్మ, అంకెను తేల్చేది ప్రోగ్రాం.

డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు దేశమంతటా నిషేధించింది. చట్టం ఒక్కటే చాలదు. వాటా డబ్బు అందే వారంలో కార్మిక సంఘాలు గేట్ మీటింగుల్లో ఈ 37, 36ల లెక్కను బోర్డు మీద వేసి చూపించాలి.