పది వారాల పెళ్ళిచూపులు

మనలో చాలామంది 'సూట్స్' సిరీస్ చూసే ఉంటారు. అద్దాల ఆఫీసు, ఖరీదైన సూట్లు, కారిడార్‌లో నడుస్తూనే కోట్ల డీల్స్ తేల్చేసే లాయర్లు. అది చూశాక "మనం కూడా లా చదవాల్సింది రా" అని హాస్టల్లో ఒక్కసారైనా అనుకుంటాం. కానీ అలాంటి ఆఫీసులోకి నిజంగా ఎలా వెళ్తారు? అమెరికాలో పెద్ద లా ఫర్మ్‌లకి ఉన్న మెయిన్ గేటు పేరు సమ్మర్ అసోసియేట్. మన భాషలో చెప్పాలంటే ఇంటర్న్‌షిప్, దాని వెనకాలే పీపీఓ. మా పెద్దమ్మ కూతురు న్యూయార్క్‌లో లా చదువుతోంది, పోయిన సమ్మర్ ఒక పెద్ద ఫర్మ్‌లో ఇదే చేసింది. అక్క చెప్పినవి, నేను చదివినవి కలిపి రాస్తున్నా. ప్లేస్‌మెంట్స్ గురించి ఆలోచించేవాళ్ళకి పనికొస్తుంది.

ముందు బేసిక్స్

మన దగ్గర ఇంటర్ అయ్యాక క్లాట్ రాసి, నల్సార్ లాంటి చోట ఐదేళ్ల లా కోర్సులో చేరొచ్చు. అమెరికాలో అలా కాదు. ముందు ఏదో ఒక డిగ్రీ, ఆ తర్వాత మూడేళ్ల జేడీ. ఆ మూడేళ్లని వన్ ఎల్, టూ ఎల్, త్రీ ఎల్ అంటారు. టూ ఎల్ అయ్యాక వచ్చే వేసవిలో సుమారు పది వారాలు ఒక ఫర్మ్‌లో పనిచేస్తారు. ఫర్మ్‌కి నచ్చితే చివర్లో ఉద్యోగం ఆఫర్ చేతికొస్తుంది. ఇంకో ఏడాది చదువు, ఆ తర్వాత బార్ ఎగ్జామ్, అప్పుడు జాయినింగ్.

ఇప్పుడు డబ్బు సంగతి. కొత్తగా చేరే అసోసియేట్ జీతాన్ని 2023 చివర్లో పెద్ద ఫర్మ్‌లు ఏడాదికి 2,25,000 డాలర్లకి పెంచాయి. సమ్మర్ అసోసియేట్‌కి కూడా ఇదే లెక్కన వారాలకి ఇస్తారు. 52తో భాగించి చూడండి, వారానికి 4,300 డాలర్ల పైనే.

కానీ లా చదివిన అందరికీ ఇంత రాదు. అక్కడ కొత్త లాయర్ల జీతాలని గ్రాఫ్ గీస్తే రెండు మూపురాల ఒంటెలా ఉంటుంది. ఒక మూపురం చిన్న ఫర్మ్‌లు, ప్రభుత్వ ఉద్యోగాలు. రెండోది చాలా దూరంగా, పెద్ద ఫర్మ్‌లది. మధ్యలో దాదాపు ఖాళీ. స్టాటిస్టిక్స్‌లో బైమోడల్ అని చదివాం కదా, అదే. టాప్ లా స్కూల్స్‌లో ఫీజు ఒక్కటే ఏడాదికి 70,000 డాలర్లు దాటుతుంది. అప్పు చేసి చదివేవాళ్ళకి ఏ మూపురం మీద పడతామన్నది మామూలు విషయం కాదు.

వడపోత ముందే అయిపోతుంది

ఆ పది వారాల్లోనే పెద్ద పోటీ ఉంటుందని నేను అనుకునేవాణ్ణి. అసలు పోటీ అంతకుముందే. ఈ సీట్ల కోసం ఇంటర్వ్యూలు ఏళ్లుగా టూ ఎల్ మొదలయ్యే ముందే జరుగుతూ వచ్చాయి. ఈ మధ్య ఇంకా ముందుకు జరిగాయి. అంటే ఫర్మ్ చేతిలో ఉండేది ముఖ్యంగా మొదటి ఏడాది మార్కులే. చాలా సబ్జెక్టులకి సెమిస్టర్ చివర ఒకటే పరీక్ష, గ్రేడింగ్ కర్వ్ మీద. మనం ఎంత రాశామన్నది కాదు, పక్కవాళ్ళకంటే ఎంత బాగా రాశామన్నది లెక్క. రిలేటివ్ గ్రేడింగ్ బాధ మనకి కొత్తగా చెప్పక్కర్లేదు.

లోపల చేసే పని

బార్ ఎగ్జామ్ పాస్ అవ్వలేదు కాబట్టి కోర్టులో వాదించడాలు ఉండవు. ఎక్కువగా ఉండేది రీసెర్చ్. సీనియర్ ఒక ప్రశ్న ఇస్తారు: ఈ కాంట్రాక్టులో ఫలానా షరతు న్యూయార్క్ చట్టం ప్రకారం చెల్లుతుందా? వెస్ట్‌లా, లెక్సిస్ అనే డేటాబేస్‌లలో పాత తీర్పులు వెతకాలి. దొరికిన తీర్పుని తర్వాత ఏ పై కోర్టయినా కొట్టేసిందా అని చూడాలి. డెప్రికేట్ అయిన లైబ్రరీ వాడితే కోడ్ ఏమవుతుందో, కొట్టేసిన తీర్పు వాడితే కేసు కూడా అంతే. అన్నీ చూసి నాలుగైదు పేజీల మెమో రాయాలి.

అక్క మొదటి మెమో ఇచ్చినప్పుడు సీనియర్ అడిగింది "ఏం దొరికింది" అని కాదట, "ఎక్కడెక్కడ వెతికావు" అని. అలా ఎందుకు అడుగుతారో 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో తేలిపోయింది. ఏవియాంకా అనే విమానాల కంపెనీ మీద వేసిన కేసులో లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులని చెక్ చెయ్యకుండా ఫైల్ చేశారు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. వాళ్ళు స్టూడెంట్స్ కాదు, అనుభవం ఉన్న లాయర్లు. అసైన్‌మెంట్స్‌ని దానికే అప్పజెప్పే మనం కూడా గుర్తుపెట్టుకోవాల్సిన కేసు.

ఇంకో కొత్త అలవాటు టైమ్ రాయడం. గంటని పది ముక్కలు చేస్తారు, ఒక్కోటి ఆరు నిమిషాలు. ఏ ముక్కలో ఏం చేశామో రాయాలి. సమ్మర్ వాళ్ళ గంటలకి చాలాసార్లు క్లయింట్ దగ్గర డబ్బు తీసుకోరు, అందుకే ఒత్తిడి తక్కువ. ఉద్యోగంలో చేరాక మాత్రం ఏడాదికి 1,900 నుంచి 2,000 బిల్ అయ్యే గంటలు మామూలు టార్గెట్. లంచ్, ట్రైనింగ్ ఇందులో కలవవు. 50 వారాలతో భాగిస్తే వారానికి 40 గంటలు కదా అనిపిస్తుంది. కానీ ఆ 40 రావాలంటే ఆఫీసులో ఇంకా చాలా ఎక్కువసేపు కూర్చోవాలి.

మర్యాదల వెనక

ఇక పార్టీలు. పార్టనర్లతో లంచ్‌లు, బేస్‌బాల్ మ్యాచ్‌లు, వంట క్లాసులు. "అంటే రోజూ పండగేనా అక్కా?" అంటే, "పార్టీ కూడా డ్యూటీయే రా" అంది. అసిస్టెంట్‌తో ఎలా మాట్లాడుతున్నారు, గ్లాసు చేతిలో ఉన్నప్పుడు హద్దులో ఉంటున్నారా, అన్నీ గమనిస్తుంటారు.

అచ్చం పెళ్ళిచూపులే. ఇల్లు సర్దుతారు, కొత్త కర్టెన్లు వేస్తారు, ప్లేట్లలో స్వీటూ మిక్చరూ పెడతారు. ఆ గంటలో ఎవరికీ కోపం రాదు. 1989లో ఒకాయన విషయంలో ఇది నిజంగానే పెళ్ళి దాకా వెళ్ళింది. షికాగోలో సిడ్లీ ఆస్టిన్ ఫర్మ్‌కి సమ్మర్ అసోసియేట్‌గా వచ్చిన బరాక్ ఒబామాకి గైడ్‌గా పెట్టిన లాయరే మిషెల్ రాబిన్సన్. 1992లో పెళ్ళయింది. ఆయన ఆ ఫర్మ్‌లో మాత్రం చేరలేదు.

మామూలు సంవత్సరాల్లో 90 శాతం పైగా ఆఫర్ వస్తుంది. కానీ 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత, 2009 వేసవిలో అది 70 శాతం దగ్గరికి పడిపోయింది. మార్కులు అవే, పని అదే, మారింది మార్కెట్. ఒక్కోసారి మంచి ఏడాదిలో కూడా రాదు. 1978 వేసవిలో యేల్ స్టూడెంట్ సోనియా సొటొమయోర్‌కి పాల్ వైస్ ఫర్మ్ ఆఫర్ ఇవ్వలేదు. తన పని అప్పుడు సరిపోలేదని, ఆ దెబ్బ చాలా ఏళ్లు బాధించిందని ఆవిడే తర్వాత చెప్పారు. 2009లో అమెరికా సుప్రీం కోర్టు జడ్జి అయ్యారు.

నాకు మాత్రం ఆఫర్ రాకపోవడం కంటే, వచ్చాక ఏం చెయ్యాలన్నదే కష్టమైన ప్రశ్న అనిపించింది. పది వారాల్లో ఫర్మ్ మనల్ని బాగానే చూసేస్తుంది. మనం చూసింది మాత్రం కర్టెన్లు వేసిన ఇల్లు. అందుకే అక్క ఈవెంట్స్‌లో కాకుండా, విడిగా రెండో ఏడాది అసోసియేట్స్‌ని కాఫీకి పిలిచి అడిగిందట: పోయిన నెలలో ఎన్ని వీకెండ్స్ మీవి? మీతో చేరినవాళ్ళలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? వెళ్ళినవాళ్ళు ఎందుకు వెళ్ళారు? వచ్చిన జవాబులన్నీ తియ్యగా లేవు. అయినా ఎడ్యుకేషన్ లోన్ లెక్క చూసుకుని, మూడేళ్లు చేస్తానని తనకి తాను గడువు పెట్టుకుని ఒప్పుకుంది.

వచ్చే సమ్మర్‌లో మనలో చాలామంది ఇంటర్న్‌షిప్‌లకి వెళ్తాం. టీ షర్ట్, ల్యాప్‌టాప్ బ్యాగ్, టీమ్ డిన్నర్ మనకీ ఉంటాయి. స్టైపెండ్ ఎంతో అందరం అడుగుతాం. ఆ మూడు ప్రశ్నలు కూడా అడగండి, మేనేజర్‌ని కాదు, మనకంటే రెండేళ్లు ముందు చేరిన సీనియర్‌ని.