నడుము నొప్పి ఉన్న ఇంట్లో స్పోర్ట్స్ కారు: కొనే ముందు ఏం చూడాలి?

కొడుకు గల్ఫ్ నుంచి వచ్చి కారు కొందామంటాడు. అతని కన్నంతా స్పోర్టీ కార్ల మీదే. అబ్బాకేమో ఏళ్ల తరబడి నడుము నొప్పి, డిస్క్ జారిందని డాక్టర్ చెప్పారు. ఇంట్లో కొనేది ఒక్కటే కారు. రోజూ ఆఫీసుకు వెళ్లాలన్నా, పెళ్లిళ్లకు ఊరెళ్లాలన్నా, అబ్బాను ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా అదే దిక్కు. సికింద్రాబాద్‌లో ఇలాంటి ఇళ్లు తక్కువేమీ కాదు. కొన్ని ఇళ్లలో అయితే నొప్పి అబ్బాకు కాదు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే కొడుక్కే ఉంటుంది.

ఇలాంటప్పుడు ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. "స్పోర్ట్స్ కారు కొంటే నడుము పోయినట్టే" అంటారు పెద్దలు. "ఎక్కువ డబ్బు పెడితే మెత్తగానే ఉంటది" అంటారు కుర్రాళ్లు. రెండూ పూర్తిగా నిజం కాదు. యాభై లక్షల కారు నడుమును కుదిపేయొచ్చు, పదిహేను లక్షల కారు హాయిగా తీసుకెళ్లొచ్చు. తేడా ధరలో లేదు. సీటు, టైరు, సస్పెన్షన్ ఎలా ఉన్నాయన్నదే అసలు విషయం. వీటిని షోరూమ్‌లో చూస్తే సరిపోదు, నొప్పి ఉన్న మనిషిని కూర్చోబెట్టి మన రోడ్ల మీదే చూడాలి.

నడుముకు ఇబ్బంది ఎక్కడి నుంచి?

కారులో నడుమును ఇబ్బంది పెట్టేవి రెండు. ఒకటి కూర్చునే తీరు, రెండోది కుదుపు.

కూర్చునే తీరు గురించి 1970లలోనే స్వీడన్‌లో మంచి పరిశోధన జరిగింది. గున్నార్ ఆండర్సన్, ఆల్ఫ్ నాకెమ్‌సన్ బృందం కారు డ్రైవర్ సీటులో మనిషిని కూర్చోబెట్టి, వెన్నెముక డిస్క్‌లో ఒత్తిడిని నేరుగా కొలిచింది. వీపు ఆనే భాగం కాస్త వెనక్కి వాలి ఉంటే, నడుము వంపు దగ్గర ఆసరా ఉంటే, డిస్క్ మీద ఒత్తిడి, కండరాల శ్రమ రెండూ తగ్గాయని తేలింది. సీటు సరిగ్గా లేని కారులో సస్పెన్షన్ ఎంత బాగున్నా నడుముకు సుఖం ఉండదు.

ఇక కుదుపు. మనిషి శరీరం పైకీ కిందికీ వచ్చే అన్ని కంపనాలను ఒకేలా తీసుకోదు. సెకనుకు సుమారు 4 నుంచి 8 సార్లు వచ్చే కంపనం మనకు అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది. ఐఎస్ఓ 2631 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఈ శ్రేణికే ఎక్కువ బరువు ఇస్తుంది. మామూలు ఫ్యామిలీ కారు బాడీ స్ప్రింగుల మీద సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగుతుంది. స్పోర్ట్స్ కారు స్ప్రింగులు గట్టివి కాబట్టి ఆ ఊపు రెండు సార్ల దాకా, కొన్నిట్లో ఇంకా పైకి వెళ్తుంది. అంటే నడుముకు పడని శ్రేణికి అంత దగ్గరవుతుంది.

అలాగని మరీ మెత్తటి కారూ మంచిది కాదు. ప్రతి మలుపులో కారు పక్కకు ఒరిగితే, నిలదొక్కుకోవడానికి నడుము కండరాలు పని చేస్తూనే ఉండాలి. రెండు గంటల ప్రయాణం తర్వాత అదీ నొప్పే. గుంతలో పడినప్పుడు దెబ్బ మెత్తగా అందాలి, ఆ తర్వాత కారు ఒక్కసారే ఊగి ఆగిపోవాలి. మంచి సస్పెన్షన్ గుర్తు అదే.

మన స్పీడ్ బ్రేకర్ల సంగతి

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా చేసిన లెక్క అది. మన బస్తీల్లో ఉండేవి చాలావరకు ఇలా ఉండవు. ఇరుకుగా, నిటారుగా పోసిన సిమెంటు గట్లు, లేదంటే వరసగా బిగించిన రబ్బరు పట్టీలు. వీటిమీద గట్టి సస్పెన్షన్ కారు నెమ్మదిగా వెళ్లినా దెబ్బ తెలుస్తుంది. కింద తక్కువ ఎత్తు ఉన్న కారైతే అడుగు భాగం కూడా రాసుకుంటుంది.

టైరు మీద రాసిన అంకె చదవండి

కారు ఎలా ఉంటుందో సగం సమాచారం టైరు పక్కనే రాసి ఉంటుంది. ఉదాహరణకు 205/55 ఆర్16. ఇందులో 205 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 55 అంటే టైరు గోడ ఎత్తు, వెడల్పులో 55 శాతం. 205లో 55 శాతం అంటే దాదాపు 113 మిల్లీమీటర్లు. 16 అంటే చక్రం అంగుళాలు.

ఇప్పుడు 225/40 ఆర్19 చూడండి. 225లో 40 శాతం అంటే 90 మిల్లీమీటర్లే. గుంత దెబ్బను మొదట తీసుకునేది టైరులోని గాలే. 113 ఉన్నచోట 90 మాత్రమే ఉంటే, మిగిలిన దెబ్బ సస్పెన్షన్‌కు, అక్కడి నుంచి సీటుకు వస్తుంది. అందుకే ఒకే మోడల్‌లో రెండు సైజుల చక్రాలు దొరికితే, నడుము నొప్పి ఉన్నవాళ్లు చిన్న చక్రం ఉన్నదే తీసుకోవాలి. పెద్ద అలాయ్ వీల్స్ ఫొటోలో బాగుంటాయి, గుంతలో కాదు.

మార్కెట్లో ఉన్న దారులు

పూర్తి స్థాయి రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లు బీఎండబ్ల్యూ జెడ్4, పోర్షే 718 లాంటివి. వీటిలో సీటు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. దిగడమంటే కింద చాప మీద నుంచి లేచినట్టే. నడుము నొప్పి ఉన్నవాళ్లకు ప్రయాణం కంటే ఎక్కడం, దిగడమే కష్టం. పైగా అమ్మీ, అబ్బా ఇద్దరూ కూర్చోవడానికి చోటే ఉండదు.

2025లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ మన దేశానికి పరిమిత సంఖ్యలో వచ్చాయి. ధర యాభై లక్షల దరిదాపుల్లో ఉంది. ఐదుగురు కూర్చోవచ్చు, వేగం కూడా ఎక్కువే. కానీ ఆక్టేవియా ఆర్‌ఎస్‌కు వచ్చేది పైన చెప్పిన 19 అంగుళాల సన్నటి టైర్లే. ఎక్కువ డబ్బు పెడితే మెత్తగా ఉంటుందన్న మాట ఇక్కడ నిలబడదు. కొన్ని ఖరీదైన కార్లలో బటన్ నొక్కితే షాక్ అబ్జార్బర్లు మెత్తబడే ఏర్పాటు ఉంటుంది. ఈ స్థాయి కారు కొనేవాళ్లు ఆ ఏర్పాటు ఉందో లేదో ముందే అడగాలి.

మధ్యతరగతి ఇంటికి పనికొచ్చేవి ఇంకా కిందే ఉన్నాయి. 2022లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీలో 1.5 లీటర్ టర్బో ఇంజిన్, 150 పీఎస్ శక్తి. నేల నుంచి 179 మిల్లీమీటర్ల ఎత్తు ఉంది, సెడాన్‌కు ఇది మంచి ఎత్తే. టైర్లు 205/55 ఆర్16. 2023 హ్యుందాయ్ వెర్నా టర్బోలో 160 పీఎస్. చిన్న కార్లలో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌కు 120 పీఎస్ టర్బో ఇంజిన్ ఉంది. అయితే మామూలు ఐ20 కంటే దీని సస్పెన్షన్ కాస్త గట్టిగా సెట్ చేశారు, కాబట్టి రెండూ నడిపి పోల్చుకోవాలి. 2024లో వచ్చిన సిట్రోయెన్ బసాల్ట్ అసలు స్పోర్ట్స్ కారు కాదు, వెనక్కి వాలిన పైకప్పుతో కూపే లాగా కనిపిస్తుంది, అంతే. కానీ మెత్తటి సస్పెన్షన్‌కు పేరుంది, పై వేరియంట్లలో వెనక సీటుకు తొడల కింద ఆసరాను సర్దుకునే వీలుంది. టర్బో ఇంజిన్ 110 పీఎస్.

ఇంతకంటే ఎక్కువ శక్తి మనకు ఎక్కడ పనికొస్తుందో కూడా ఆలోచించాలి. అవుటర్ రింగ్ రోడ్డు మీద కూడా గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లే. తార్నాక నుంచి సికింద్రాబాద్ స్టేషన్ దాకా ట్రాఫిక్‌లో అన్ని కార్లదీ ఒకే వేగం. ఆ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి తొక్కి నడుము, ఎడమ కాలు పట్టేస్తాయి. నొప్పి కాలిలోకి దిగేవాళ్లు ఆటోమేటిక్ గేర్ ఉన్నదే తీసుకోవడం మంచిది.

సీటు దగ్గర చూడాల్సినవి

సీటు ఎత్తు మోకాలి ఎత్తుకు దగ్గరగా ఉంటే ఎక్కడం, దిగడం సులువు. తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో చూడండి. టాటా ఆల్ట్రోజ్ తలుపులు 90 డిగ్రీల వరకు తెరుచుకుంటాయి, నడుము వంగనివాళ్లకు ఇది చాలా ఉపయోగం. స్పోర్ట్స్ సీట్లకు రెండు పక్కలా ఎత్తైన దిండ్లు ఉంటాయి. సన్నగా ఉన్న కుర్రాడికి అవి పట్టు ఇస్తాయి, ఒళ్లున్న పెద్దవాళ్లకు తొడలను, నడుమును నొక్కుతాయి. నడుము వంపు దగ్గర ఆసరాను సర్దుకునే వీలు అన్ని కార్లలో ఉండదు. అది లేకపోతే చుట్టిన తువ్వాలు పెట్టుకున్నా పని జరుగుతుంది. వెనక జేబులో పర్సు పెట్టుకుని నడిపే అలవాటు మాత్రం మానుకోవాలి, నడుము ఒక పక్కకు ఒరిగిపోతుంది.

వెనక సీటు చాలా కార్లలో వెనక చక్రాలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి కుదుపు అక్కడ ఎక్కువ. గౌరవం కొద్దీ అబ్బాను వెనక కూర్చోబెట్టడం చాలా ఇళ్లలో అలవాటు. నడుము నొప్పి ఉంటే ముందు సీటే ఇవ్వాలి.

టెస్ట్ డ్రైవ్ ఎలా చేయాలి?

షోరూమ్ వాళ్లు మంచి రోడ్డు మీద పది నిమిషాలు తిప్పి తీసుకొస్తారు. దాంతో ఏమీ తెలియదు. కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట వైపు ఒకసారి, మీ బస్తీ గల్లీల్లో ఒకసారి, తర్వాత బోయిన్‌పల్లి, సుచిత్ర మీదుగా మేడ్చల్ హైవే మీద ఒకసారి నడపాలి. నొప్పి ఉన్న మనిషి తప్పకుండా కారులో ఉండాలి. ఐదారుసార్లు ఎక్కించి దింపి చూడాలి. షోరూమ్ వాళ్లు అంతసేపు ఇవ్వకపోతే, అదే మోడల్‌ను సెల్ఫ్ డ్రైవ్ అద్దెకు ఒక రోజు తీసుకోవడం మేలు. రెండు మూడు వేలు ఖర్చయినా, లక్షల తప్పు తప్పుతుంది. అన్నిటికంటే ముఖ్యం మర్నాడు పొద్దున. పడక మీద నుంచి లేచేటప్పుడు నడుము ఎలా ఉందో అడిగిన తర్వాతే అడ్వాన్స్ కట్టాలి.

డబ్బు లెక్క

2025 సెప్టెంబర్ 22 నుంచి కార్ల జీఎస్‌టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోల్ కార్లకు 18 శాతం. అంతకంటే పెద్దవాటికి 40 శాతం. పన్ను లేకుండా పది లక్షలున్న కారుకు మొదటి లెక్కలో 1.8 లక్షలు, రెండో లెక్కలో 4 లక్షలు. తేడా 2.2 లక్షలు. ఐ20 ఎన్ లైన్ మొదటి వరసలోకి వస్తుంది. వర్టస్ జీటీ, వెర్నా, బసాల్ట్ రెండో వరసలోకి వస్తాయి. పన్నుతో ధర పెరిగితే దాన్ని బట్టి లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్ కూడా పెరుగుతాయి.

వడ్డీ లోన్ వద్దనుకుని, పొదుపు డబ్బుతో పాత కారు కొనే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. వాళ్లు మూడు చూడాలి. టైరు మీద చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2321 అంటే 2021లో 23వ వారం. షాక్ అబ్జార్బర్ల మీద ఆయిల్ కారిన జాడ ఉండకూడదు. కారు మూలను గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి ఆగాలి, ఊగుతూ ఉంటే అవి అరిగిపోయినట్టే. పాత యజమాని స్ప్రింగులు కోయించి కారును కిందికి దించి ఉంటే ఆ కారు వదిలేయండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అలాంటి మార్పులను ఒప్పుకోదు, క్లెయిమ్ సమయంలో కూడా ఇబ్బందే.

కొన్న తర్వాత కూడా ఒక చిన్న జాగ్రత్త ఉంది. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసినంత గాలే కొట్టించాలి. పంక్చర్ షాపులో "ఎక్కువ కొడితే మైలేజీ వస్తది" అని చెప్పి ఎక్కించే ఐదారు పాయింట్లు నేరుగా నడుముకే తగులుతాయి.

కారు వైద్యం కాదు

మంచి కారు నొప్పిని పెంచకుండా ఉంటుందే తప్ప తగ్గించదు. దూర ప్రయాణంలో గంటకోసారి దిగి నాలుగడుగులు నడవాలి. దిగేటప్పుడు రెండు కాళ్లూ కలిపి బయటికి తిప్పి, తర్వాతే లేవాలి. కాలు బ్రేక్ మీద ఉన్నట్టు తెలియనంత తిమ్మిరి ఉంటే ఆ రోజు బండి నడపకూడదు. కాలిలో బలం తగ్గినా, తొడల మధ్య స్పర్శ పోయినా, మూత్రం మీద అదుపు తప్పినా అది ఎమర్జెన్సీ. వెంటనే గాంధీ ఆసుపత్రి లాంటి పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి.

కొడుకు కోరిక తప్పు కాదు, అబ్బా భయమూ తప్పు కాదు. ఇద్దరూ కలిసి ఒక రోజు కారులో తిరిగితే చాలా వాదనలు అక్కడే తీరిపోతాయి. అంతా తిరిగాక కూడా నడుము ఒప్పుకోకపోతే, ఆ మోడల్ పక్కన పెట్టి ఇంకోటి చూడాలి.